వేయి కళ్లతో ఎదురుచూస్తూ...

నవలలు రాసే ఆడదాని ఇంటికి జనం రెండే పనుల మీద వస్తారండీ. ఒకటి, "మా కథ రాస్తే పెద్ద నవలవుతుంది" అని చెప్పడానికి. రెండు, ఉత్తరం రాయించుకోవడానికి. మొదటివాళ్లను కాఫీ ఇచ్చి సాగనంపొచ్చు. చిక్కంతా రెండోవాళ్లతోనే.

పోయిన దీపావళి వెళ్లాక మా ఆడబిడ్డ కూతురు ఆస్పరి నుంచి రైలెక్కి ఆదోనిలో మా ఇంటికి వచ్చింది. చేతిలో సంచీ. సంచీలో ఎండు జొన్నరొట్టెలు. అప్పడమంత పల్చగా ఉండి, విరిస్తే పక్కగదిలోకి వినబడుతున్నాయి.

"అత్తా, మేం నలుగురం కలిసి చేస్తాండాం. బెంగుళూరు, హైదరాబాదు అంగళ్లకు ఈమెయిళ్లు రాయల్ల. నువ్వు రాసేదానివి కదా, నువ్వే రాయి" అంది.

ఆ నలుగురిలో ఇద్దరు ఏటా సుగ్గికి పోయేవాళ్లు. సుగ్గి అంటే మా వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఇంటికి తాళం వేసుకుని, గుంటూరు వైపు మిరపకాయల కోతకు నెలల తరబడి వలసపోవడం. పిల్లల్ని బడి మాన్పించి వెంట తీసుకుపోతారు, లేదా ముసలమ్మ దగ్గర వదిలిపోతారు. రొట్టెలు అమ్ముడుపోతే ఈ ఏడు పోనక్కర్లేదని వాళ్ల ఆశ.

ఇదంతా విన్నాక నా కలం ఆగుతుందా? మూడు పేజీలు రాశాను. ఆస్పరి కరువు రాశాను. పిల్లల చదువులు రాశాను. "మీ అమూల్యమైన సమయాన్ని వృథా చేస్తున్నందుకు క్షమించండి" అని మొదలుపెట్టి, "మీరే మాకు దిక్కు" అని మధ్యలో ఏడ్చి, "మీ జవాబు కోసం వేయి కళ్లతో ఎదురుచూస్తూ" అని ముగించాను. రాస్తుంటే నాకే కళ్లు చెమర్చాయి. అంతా అయ్యాక చూసుకుంటే రొట్టె సంగతి రెండు వాక్యాలుంది! ధర అసలు లేదు.

పన్నెండు అంగళ్లకు పంపాం. పదకొండు చోట్ల నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఒక చోటి నుంచి మాత్రం, పాపం మంచివారే, జవాబిచ్చారు: "మీ కష్టాలు చదివి బాధ కలిగింది. ప్రస్తుతం మేము విరాళాలు ఇవ్వడం లేదు."

నా శైలికి అంత బలముందని నాకే తెలియదు సుమండీ!

పిల్ల ఆ జవాబును రెండుసార్లు చదివింది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "అత్తా, మనం రొట్టెలు అమ్ముతాండామా, అడుక్కుంటాండామా?"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేనలా రాయడం ఎక్కడ నేర్చుకున్నానా అని ఆలోచిస్తే మా నాన్నగారు గుర్తొచ్చారు. ఊళ్లో వాళ్లకు ఆయన అర్జీలు రాసిపెట్టేవారు. "పేదవాడను, పిల్లలు గలవాడను, తమరు తల్లిదండ్రుల వంటివారు" అనే ధోరణి. ఆఫీసు ముందు నిలబడ్డవాడి దగ్గర ఇవ్వడానికి వేరే ఏముంది గనక? కష్టమొకటే. నేను బి.ఏ. చదివి, ఇన్ని నవలలు రాసి కూడా, చెయ్యి చాపే ఆ చదువు మరిచిపోలేదన్నమాట. మొన్నమొన్నటిదాకా సంపాదకులకు నేను రాసిన ఉత్తరాలూ ఈ తీరువే. "చిన్నదాన్ని, ప్రోత్సహించ ప్రార్థన" అని. నలభై దాటిన చిన్నదాన్ని!

మరి బేరం ఎలా చేస్తారో నేను చూడలేదా అంటే, చూశాను. నా చిన్నప్పుడు మా తాత నన్ను ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరకు తీసుకెళ్లాడు. అక్కడి పశువుల సంత పేరు మోసింది. ఆ ఏడు మా మేనత్త పెళ్లి కోసం ఎద్దుల జతను అమ్మాల్సి వచ్చింది. సంతలోకి అడుగుపెట్టే ముందు తాత నా చెవిలో, "ఈడ ఎవురితోనూ పెండ్లి మాట ఎత్తగూడదు, తెల్సిందా?" అన్నాడు.

కొనేవాడు వచ్చి ఎద్దు పళ్లు చూశాడు, గిట్టలు చూశాడు, నడిపించి చూశాడు. తర్వాత తువ్వాలు కప్పుకుని, దాని కింద ఇద్దరూ వేళ్లు పట్టుకుని ధర మాట్లాడుకున్నారు. తాత తల అడ్డంగా ఊపి, ఎద్దులకు గడ్డి వేస్తూ కూర్చున్నాడు. ఆ మనిషి రెండు సార్లు పోయి, మూడోసారి తిరిగొచ్చాడు. బేరం కుదిరి, ఎద్దులు వెళ్లిపోయి, పలుపులు చేతిలో మిగిలాకగానీ తాత కళ్లు తుడుచుకోలేదు.

అవసరం తాతకు లేకనా? గొంతుదాకా ఉంది. కానీ సంతకు వచ్చినవాడు ఎద్దు పళ్లు చూస్తాడు గానీ రైతు కన్నీళ్లు చూడడు. చూస్తే, ధర తగ్గించడానికే చూస్తాడు.

ఆ ఎమ్మిగనూరులోనే మాచాని సోమప్పగారు 1938లో చేనేతవారికి సహకార సంఘం పెట్టారు. 1954లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. నేతగాళ్ల ఆకలి గురించి చెప్పుకోవాలంటే ఆ రోజుల్లో తక్కువ ఉందా? అయినా సంఘం అమ్మింది ఆకలిని కాదు, గుడ్డని. జాలిపడి చీర కొన్నావిడ ఒక్కసారే కొంటుంది. చీర నచ్చి కొన్నావిడ మళ్లీ వస్తుంది, చెల్లెల్ని కూడా వెంటబెట్టుకుని.

తెల్లారి ఇద్దరం మళ్లీ కూర్చున్నాం. ఈసారి ఉత్తరం ఇంతే:

"ఆస్పరిలో మేము నలుగురు ఆడవాళ్లం నూనె లేకుండా కాల్చి ఆరబెట్టిన జొన్నరొట్టెలు చేస్తున్నాము. గాలి చొరని డబ్బాలో నెల రోజులుంటాయి. మీ అంగట్లో రాగి, కొర్ర బిస్కెట్లు చూశాము, రొట్టెలు కనబడలేదు. పది రొట్టెల కట్ట ధర, మా ఆహార రిజిస్ట్రేషన్ 14 అంకెల నంబరు కింద ఉన్నాయి. రెండు కట్టలు నమూనాగా పంపమంటారా? మీకు పనికిరాదనుకుంటే ఆ మాటే రాయండి, చాలు."

ఆ చివరి వాక్యం దగ్గర మాకు చిన్న యుద్ధం జరిగింది. "వద్దనమని మనమే నేర్పిస్తామా అత్తా?" అంటుంది పిల్ల. ఎదుటివాడికి వద్దనే దారి వదిలితేనే కదమ్మా, రమ్మనే మాటకు విలువ! దారి మూసి అడిగితే మనిషి జవాబివ్వడు, తప్పించుకుంటాడు. నా "వేయి కళ్ల"ను ఆ పిల్ల కొట్టేసింది. దాని అనుమానాన్ని నేను కొట్టేశాను. సరికి సరి.

ఇంకో రెండు నియమాలు పెట్టుకున్నాం. అందరికీ ఒకే ఉత్తరం గుత్తగా కొట్టకుండా, ఒక్కో అంగడి సంగతి తెలుసుకుని విడివిడిగా రాయడం. వారం దాటాక ఒక్కసారి, అదీ కొత్త విషయమేదైనా ఉంటేనే, రెండు లైన్లు గుర్తు చేయడం. ఆ పైన వాళ్ల జోలికి పోకూడదు, మరో అంగడి చూసుకోవాలి. ఒక్క గుమ్మం ముందే కూర్చుంటే ఎవరికైనా దీనత్వం వస్తుంది. పది గుమ్మాలు తెలిసినవాళ్లు తలెత్తుకుని అడుగుతారు.

అవసరం లేనట్టు నటించమని కాదండీ నేననేది. మా ఆస్పరి, పత్తికొండ మార్కెట్లలో టమాటా రైతును చూస్తే తెలుస్తుంది. ధర పడిపోయిన రోజున గంపలు రోడ్డు మీద పారబోసి పోతాడు. ఆయనకు పౌరుషం లేకనా? టమాటాకు ఆగే ఓపిక లేదు, అందుకని ఆయనకూ ఆగే వీలు లేదు. ఎండు రొట్టెకు ఆ ఓపిక ఉంది. పైగా 2023ను ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. మనం పేదతిండి అనుకున్న జొన్నను పట్నంవాళ్లు వెతుక్కుని తింటున్నారు. సరుకులో ఇంత బలముంటే ఉత్తరంలో ఏడుపెందుకు?

తొమ్మిది కొత్త అంగళ్లకు పంపాం. ముగ్గురు జవాబిచ్చారు. ఇద్దరు "వద్దు" అన్నారు, మర్యాదగా. ఒకరు నమూనా తెప్పించుకుని, నెలకు యాభై కట్టలు పంపమన్నారు. గొప్ప లాభమేం కాదు. నలుగురికీ చాలలేదు. సుగ్గికి పోయే ఇద్దరిలో ఒకామె పోయింది. రెండో ఆమె మాత్రం ఈ ఏడు ఊళ్లోనే ఉంది. ఆమె కొడుకు బడికి పోతున్నాడు.

అన్నట్టు, ఈ వ్యాసంతో పాటు సంపాదకులవారికి ఉత్తరం జతచేశాను. రెండే రెండు లైన్లు: "వ్యాసం పంపుతున్నాను. పనికిరాకపోతే చెప్పండి, మరోచోటికి పంపుకుంటాను."

రాయడమైతే రాశాను గానీ, పోస్టు చేసిన దగ్గర్నుంచి ఫోను ఎన్నిసార్లు చూసుకున్నానో మాత్రం మా ఆడబిడ్డ కూతురికి చెప్పకండేం!