ఎర్రసిరాతో కొట్టేసిన మాట

బాలలూ! మా ఉంగుటూరులో వేసవి వచ్చిందంటే ప్రతి ఇంట్లోనూ నూజివీడు మామిడిపళ్ళ ఘుమఘుమలే. చిన్నరసాలు గడ్డిలో మాగవేస్తారు. నాలుగు రోజులు ఏమరిస్తే పండు పులిసి కల్లువాసన కొడుతుంది. పండు తొక్కమీద ఉండే ఈస్టు అనే సూక్ష్మజీవి చక్కెర తిని చేసే పని అది. రొట్టెపిండి పొంగేది కూడా ఈస్టు మూలానే. ఒక్కొక్క ఈస్టు కణం ఎంత చిన్నదంటే, సుమారు 200 కణాలు వరసగా పేరిస్తేగాని ఒక మిల్లీమీటరు కాదు.

ఈ ఈస్టు విషయంలో నేనొకసారి తప్పు చేశాను. హెడ్మాస్టరు కూడా తప్పు చేస్తాడా అని నవ్వకండి. చేస్తాడు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో పిల్లలచేత కొవ్వు పరీక్ష చేయించాను. పరీక్ష చాలా సులువు. వేరుసెనగపప్పును కాగితంమీద నలిపితే మరక పడుతుంది. పక్కనే ఒక నీటిబొట్టు కూడా వెయ్యాలి. కాసేపు ఎండలో పెడితే నీటిమరక ఆరిపోతుంది, నూనెమరక అలాగే ఉండి వెలుతురును పోనిస్తుంది. నువ్వులు, మామిడిజీడి, బియ్యం, అన్నీ పరీక్షించాం. ఒక కుర్రవాడు రొట్టెల దుకాణం నుంచి ఈస్టు పలుకులు తెచ్చాడు. అవీ నలిపాం. మరక పడలేదు.

పిల్లలందరూ "ఈస్టులో కొవ్వు లేదు" అని రాశారు. ఆ కుర్రవాడు మాత్రం "ఈస్టులో కొవ్వు కాగితానికి కనిపించలేదు" అని రాశాడు.

"ఇదేమిట్రా? కనిపించకపోతే లేదనే రాయాలి. కాగితానికి కళ్ళున్నాయా?" అన్నాను. తరగతి అంతా గొల్లుమన్నది. ఎర్రసిరాతో ఆ మాట కొట్టేసి, ఒక మార్కు తగ్గించాను. వాడు తల వంచుకుని కూర్చున్నాడు.

చాలా ఏళ్ళు గడిచాయి. నేను పదవీ విరమణ చేశాక, ఒక వేసవిలో అతను మా ఇంటికి వచ్చాడు. ఒక పరిశోధనశాలలో పనిచేస్తున్నాడట. "మాస్టారూ, మీరొకసారి రావాలి. మీకొకటి చూపించాలి" అన్నాడు. వెళ్ళాను.

గది చీకటి చేసి, నన్ను సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టాడు. చూద్దును గదా, నల్లని ఆకాశంలో చుక్కల్లాగా బంగారు రంగు బొట్లు!

"ఇవేమిటి నాయనా?" అన్నాను.

"ఈస్టు కణాల్లో ఉన్న కొవ్వు బొట్లండి" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు.

అతను వివరంగా చెప్పాడు. కొన్ని రంగులు ఒక కాంతిని మింగి, వేరే రంగు కాంతిని విడుస్తాయి. దీన్నే ప్రతిదీప్తి అంటారు. అతినీలలోహిత దీపం కింద పెట్టినప్పుడు నోటులోని సన్నని దారం మెరిసేది ఇందువల్లనే. నైల్ రెడ్ అనే రంగుకు ఇంకొక గుణం కూడా ఉంది. నీటిలో ఉన్నప్పుడు అది దాదాపు వెలగదు. కొవ్వులో చేరితే చక్కగా వెలుగుతుంది. కణాల్లోని కొవ్వు బొట్లను దీనితో చూడవచ్చునని 1985లో గ్రీన్‌స్పాన్ అనే శాస్త్రజ్ఞుడూ, ఆయన సహచరులూ ప్రకటించారు.

చూడటం ఒకటి, కొలవటం ఒకటి. ముందుగా కొంత ఈస్టును తీసుకుని, ద్రావకాలతో అందులోని కొవ్వును లాగి తూకం వేస్తారు. అదే ఈస్టుకు రంగు వేసి, వెలుగు ఎంత వచ్చిందో యంత్రంతో కొలుస్తారు. కొవ్వు తెలిసిన నమూనాలు ఇట్లా కొన్ని ఉంటే, ఇంత వెలుగుకు ఇంత కొవ్వు అని లెక్క దొరుకుతుంది. ఆ తరవాత ప్రతిసారీ తూకం వెయ్యనక్కర లేదు. అయితే ప్రతి గొట్టంలోనూ కణాల సంఖ్య, రంగు సమంగా ఉండాలి.

ఇది వినగానే నాకు మన యల్లాప్రగడ సుబ్బారావుగారు గుర్తుకు వచ్చారు. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన, అమెరికాలో హార్వర్డులో ఫిస్కేతో కలిసి, భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. అందులో భాస్వరం ఎంత ఎక్కువగా ఉంటే నీలిరంగు అంత చిక్కబడుతుంది. కంటికి కనిపించని దానిచేత రంగు ద్వారా తన లెక్క తానే చెప్పించటం అన్నమాట.

"ఈస్టులో ఇంత కొవ్వు ఎందుకు?" అని అడిగాను.

"రైతు గాదెలో ధాన్యం దాచినట్టేనండి. చక్కెర పుష్కలంగా ఉండి, నత్రజని కరువైతే కొన్ని జాతుల ఈస్టు పెరగటం మానేసి, కొవ్వు దాస్తుంది. రొట్టెల ఈస్టులో కొవ్వు తక్కువ. ఈ జాతుల్లో ఎండు బరువులో 20 శాతం మించి ఉంటుంది. దాన్నుంచి నూనె తీయటానికే ఈ కొలతలు" అన్నాడు.

బల్లమీద రంగు వెయ్యని ఈస్టు గొట్టం ఒకటి, ఈస్టు లేని రంగు గొట్టం ఒకటి ఉన్నాయి. "ఇవెందుకు?" అన్నాను.

అతను నవ్వాడు. "ఈస్టుకు సొంత వెలుగు కొంచెం ఉంటుంది. రంగుకూ ఉంటుంది. అది తీసివెయ్యకపోతే లెక్క తప్పుతుంది. నూనెమరక పక్కన నీటిమరక పెట్టి చూడమని నేర్పింది మీరే గదండీ!"

అప్పుడు నేనన్నాను: "నాయనా, ఆనాడు నువ్వు రాసిందే ఒప్పు. నేను కొట్టేసింది తప్పు. నలుగురిలో నిన్ను నవ్వులపాలు చేశాను."

అతను కొంచెంసేపు మాట్లాడలేదు. తరవాత, "కాగితం తప్పు చెప్పలేదు మాస్టారూ. దాని చూపు అంతవరకే" అన్నాడు.

కాగితం సంగతి సరే. నా చూపు కూడా అంతవరకే అని నాకు తెలిసింది.

బాలలూ! ఈ వేసవిలో మామిడి టెంక పగలగొట్టి, జీడిని బాగా ఎండబెట్టి, కాగితంమీద నలిపి చూడండి. పక్కన నీటిబొట్టు వెయ్యటం మరవకండి. ఈస్టు పలుకులు కూడా నలిపి, మరక పడకపోతే "కాగితానికి కనిపించలేదు" అని రాయండి. ఆ మాటను ఎవరైనా ఎర్రసిరాతో కొట్టేస్తే, నా కథ వారికి చెప్పండి.