కమాన్లు విరిగిన కారు

కొత్త కారు కొన్నవాడికి ఆర్నెల్లు తిరక్కుండా ఏదో ఒక జబ్బు పట్టుకుంటుంది. నాకు పట్టిన జబ్బు పేరు లోయరింగ్ స్ప్రింగులు.

నాది వర్టుస్ జీటీ. 1.5 లీటర్ల టర్బో ఇంజను, 150 పీఎస్. మియాపూర్ నుంచి నానక్ రామ్ గూడ ఆఫీసుకి రోజూ దాంట్లోనే. అంతా బాగానే ఉంది కానీ టైరుకీ మడ్గార్డుకీ మధ్య పిడికిలి దూరేంత సందు. చూసినప్పుడల్లా పొట్టి పాంటు వేసుకున్న పెళ్ళికొడుకులా అనిపించేది. 30 మి.మీ. కిందికి దించే స్ప్రింగులు వేయిస్తే చూడ్డానికి బావుంటుంది, మలుపుల్లో ఊగడం కూడా తగ్గుతుంది. ఇంకేం, ఎక్సెల్ షీటు తెరిచాను. మనం ఏం కొనాలన్నా ముందు అదే కదా :)

షీటు నింపుతుంటే నాలో ఇంజనీరు నిద్ర లేచాడు. కారు 30 మి.మీ. దిగిందంటే, గుంటలో పడ్డప్పుడు చక్రం పైకి లేవడానికి ఉన్న జాగా కూడా అంతే తగ్గిందన్నమాట. మిగిలిన కాస్త జాగాలో బంప్ స్టాపుకి గుద్దుకోకుండా ఉండాలంటే స్ప్రింగు గట్టిగా ఉండాలి. స్ప్రింగు 30 శాతం గట్టిపడితే కారు పైకీ కిందికీ ఊగే వేగం దాని వర్గమూలం లెక్కన సుమారు 14 శాతం పెరుగుతుంది. కంపెనీ షాక్ అబ్జార్బర్లు పాత స్ప్రింగుకి తగ్గట్టు చేసినవి. ఈ కొత్త ఊపుని అవి సరిగ్గా ఆపలేవు, త్వరగా అరిగిపోతాయి కూడా. అంటే స్ప్రింగుల ఖర్చు స్ప్రింగులతో ఆగదు.

తర్వాత మన స్పీడు బ్రేకర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం హంపు ఎత్తు 10 సెం.మీ., వెడల్పు 3.7 మీటర్లు. నా కారు రెండు ఇరుసుల మధ్య దూరం 2.65 మీటర్లు. లెక్క కడితే అలాంటి హంపు మీద కారు పొట్ట కింద తగ్గేది 5 సెం.మీ. మాత్రమే. కానీ మా కాలనీ వాళ్ళు పోసింది అడుగు వెడల్పు సిమెంటు గట్టు. ఒక ఆదివారం టేపు పెట్టి కొలిచాను, 13 సెం.మీ.! ఖాళీ కారు గ్రౌండ్ క్లియరెన్సు 179 మి.మీ. నలుగురెక్కి డిక్కీ నిండితే 25 మి.మీ. దిగుతుందనుకున్నా 154, గట్టు దాటేస్తుంది. స్ప్రింగులు మారిస్తే 124, గీసుకోవాల్సిందే. గట్టి స్ప్రింగు బరువుకి కాస్త తక్కువ దిగుతుంది నిజమే, కానీ ఆ ఆరు మిల్లీమీటర్ల లోటు పూడ్చేంత కాదు.

ఇన్ని లెక్కలు చూశాక కూడా మనసు ఒప్పుకోలేదండీ. ఒప్పించింది నాన్న.

నాన్న ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ముప్ఫై ఏళ్ళ బస్సు సీటు ఆయన నడుముకి మిగిల్చింది అరిగిన డిస్కు. నెలకోసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంటాను. ఒకసారి నా కారు సర్వీసింగులో ఉంటే మా ఆఫీసు మిత్రుడు తన కారులో దింపాడు. వాడిది 30 మి.మీ. దించిన కారే. నేను ముందు సీట్లో మురిసిపోతూ కూర్చున్నాను. అద్దంలో చూస్తే నాన్న తలుపు పైనున్న పిడి రెండు చేతులతో పట్టుకుని, ప్రతి గుంటకీ ముందే సీటు మీంచి కాస్త పైకి లేస్తున్నారు. ఒక్క మాట మాట్లాడలేదు.

దిగాక మాత్రం నన్ను పక్కకి పిలిచి, "ఒరే, ఆ అబ్బాయి బండికి కమాన్లు విరిగినట్టున్నాయి, చూపించుకోమను" అన్నారు.

"విరగలేదు నాన్నా, డబ్బులిచ్చి అలా వేయించుకున్నాడు."

ఆయన కాసేపు నావైపు చూసి, "డబ్బులిచ్చి విరగ్గొట్టించుకున్నాడా!" అన్నారు.

నవ్వాను కానీ ఆ రాత్రి ఎక్సెల్ షీటు మళ్ళీ తెరిస్తే, అందులో మలుపులకి వరుస ఉంది, ధరకి ఉంది, అందానికి ఉంది. వెనక సీటుకి లేదు. ట్రాక్ మీద తిప్పే కారయితే దాంట్లో కూర్చునేది నేనొక్కణ్ణే. రోజూ నడిపే కారు అలా కాదు, స్టీరింగు నాదైనా నడుములు నలుగురివి.

ఆ డబ్బుతో మంచి టైర్లు వేయించి, వీల్ అలైన్‌మెంటు చేయించాను. మలుపుల్లో పట్టు నిజంగానే పెరిగింది. మీరు మాత్రం దించాలనే అనుకుంటే 15, 20 మి.మీ.తో ఆగండి, సరిపోయే షాక్ అబ్జార్బర్లు కూడా మార్చండి, ఇన్సూరెన్సు వాళ్ళకి ముందే చెప్పండి. అన్నిటికంటే ముందు అలాంటి కారులో ఇంట్లో పెద్దవాళ్ళని వెనక కూర్చోబెట్టి ఒక రౌండు తిప్పండి.

మరి ఆ సందు సంగతంటారా? రోజూ పొద్దున్నే పార్కింగులో కనిపిస్తూనే ఉంది. చూసి ఊరుకుంటున్నాను.