తిరగవేసి చూడవలసిన పళ్లెం

మెక్సికో నగరానికి ఆగ్నేయంగా, సముద్రమట్టానికి రెండువేల మీటర్లకు పైబడిన ఎత్తున, పోపోకాటెపెట్ల్ అగ్నిపర్వతం కనుచూపుమేరలో ప్వెబ్లా నగరం ఉన్నది. 1531లో స్పెయిన్ వారు నెలకొల్పిన ఈ ఊరిలో గోడలు, గోపురాలు, వంటశాలలు సైతం రంగుపలకలతో నిగనిగలాడుతుంటాయి. సాంతా రోసా మఠపు పాత వంటగది పలకల అందానికే పేరుపొందింది. సమీపంలోని అకాటెపెక్ చర్చి ముఖభాగమంతా పలకలే.

ఆ నగరంలో ‘కప్పల సందు’ అని అర్థం వచ్చే పేరుగల వీధి ఒకటున్నది. పాతవస్తువుల అంగళ్లకు అది ప్రసిద్ధి. అటువంటి అంగట్లో నీలిపూల పళ్లెం ఒకటి కనబడితే, అది మూడువందల ఏళ్లనాటిదా, మొన్నమొన్నటిదా? మెక్సికోలో చేసినదా, స్పెయిన్ నుంచి వచ్చినదా? తెలియనివారు పళ్లెం ముఖం చూసి మురిసిపోతారు. తెలిసినవారు మొదట దానిని తిరగవేస్తారు.

ఈ పాత్రలకు ‘తలవేరా’ అని పేరు. స్పెయిన్‌లో, టేగస్ నది ఒడ్డున ఉన్న తలవేరా దె లా రేనా పట్టణం పేరే ఇది. విద్య మాత్రం అంతకన్న పాతది. చైనా పింగాణీ తెలుపును అనుకరించాలన్న కోరికతో తొమ్మిదవ శతాబ్దిలో ఇరాక్ కుమ్మరులు సీసపు మెరుగుపూతలో తగరం కలిపారు. మన ఇళ్లలో ఇత్తడి గిన్నెలకు కళాయి వేసే తగరమే అది. దానితో పారదర్శకమైన పూత పాలవలె తెల్లబడి, కింది మట్టిరంగును కప్పివేసింది. అరబ్బులతో ఆ విద్య స్పెయిన్ చేరింది. స్పానిష్ వారితో సముద్రం దాటి ప్వెబ్లా చేరింది.

చేసే పద్ధతిలోనే ఆనవాళ్లన్నీ ఉన్నాయి. ప్వెబ్లాలో రెండు రకాల మట్టిని కలిపి, ఊరబెట్టి, సారెమీద పాత్రను మలుస్తారు. ఒకసారి కాల్చి, తెల్లపూతలో ముంచి, ఆరిన పూతమీద కుంచెతో బొమ్మ వేసి, మళ్లీ కాలుస్తారు. పచ్చిపూత రంగును తక్షణం పీల్చుకుంటుంది కనుక తప్పుపడిన గీతను చెరపడానికి వీలులేదు. పాత పళ్లేలలో కుంచె తడబాటు కనిపించడం లోపం కాదు, మనిషి చేతికి సాక్ష్యం.

పళ్లెం అంచు పెచ్చు ఊడినచోట చూడాలి. లోపల కూడా తెల్లగా ఉంటే అది పింగాణీ. గులాబీ, గోధుమ, లేత పసుపు ఛాయలలో మట్టి కనిపిస్తే తగరపు పూత పాత్ర. తరువాత నీలంమీద వేలు నడపాలి. ప్వెబ్లా పాతపనిలో కోబాల్టు నీలం చిక్కగా, వేలికి తగిలేటంత ఉబ్బెత్తుగా ఉండటం కద్దు. పళ్లేలు ఒకదానికొకటి అంటుకోకుండా ఆవంలో మూడుకాళ్ల మట్టి ఆధారాలు పెట్టేవారు. వాటి మచ్చలు మూడు మిగిలిపోతాయి. ఇక అడుగు అరుగుదల. తరాలపాటు బల్లలమీద కదలిన పాత్ర ఒకచోట ఎక్కువగా, ఒకచోట తక్కువగా అరుగుతుంది. అంతటా ఒకే తీరున అరిగినదానిని శంకించవలసిందే.

ముద్ర చూస్తే చాలదా అనిపించవచ్చు. 1653లో ప్వెబ్లా కుమ్మరుల శ్రేణి నిబంధనలు చేసుకున్నది. పాత్రలను నాణ్యాన్నిబట్టి తరగతులుగా విభజించి, ప్రతి నిపుణుడూ తన గుర్తు వేయాలనీ, ఒకరి గుర్తును మరొకరు వేయరాదనీ శాసించింది. 1682లో చేర్చిన నియమాలు మేలురకం పాత్రలను చైనా పద్ధతిలో నీలంతో చిత్రించాలన్నాయి. అయినా పాత పాత్రలన్నిటిమీదా ముద్ర కనిపించదు. కనిపించినా అది పూర్తి సత్యం చెప్పదు. ఆఫ్రికా సంతతివారిని నిపుణుల పరీక్షకు అనుమతించరాదని ఆ నిబంధనలే అన్నాయి. పళ్లెం అడుగున ఉన్నది యజమాని గుర్తు. మట్టి తొక్కినవారి పేర్లకు అక్కడ చోటులేదు.

ఆ కాలంలో పేర్లు తారుమారు కావడం పాత్రలకే పరిమితం కాలేదు. 1565 నుంచి 1815 వరకు మనీలా ఓడలు చైనా పింగాణీని అకాపుల్కో రేవుకు చేర్చేవి. ఆ దారినే బానిసలూ వచ్చారు. వారిలో ఒకరు కతరీనా దె సాన్ హువాన్. ఆమె భారతదేశంలో పుట్టినదని భావిస్తారు. 1688లో ప్వెబ్లాలో మరణించిన ఆమెను లోకం ‘చైనా పోబ్లానా’, అనగా ప్వెబ్లా చైనా వనిత, అనే పేరుతో జ్ఞాపకముంచుకున్నది. ఆసియానుంచి వచ్చినదేదైనా ఆనాటివారికి ‘చైనా’యే.

పోల్చుకునేవారిని ఇబ్బందిపెట్టేది మోసగాళ్లు మాత్రమే కాదు. 1897లో ప్వెబ్లా చేరిన కటలన్ కళాకారుడు ఎన్రిక్ లూయిస్ వెంటోసా క్షీణించిన ఈ విద్యకు తిరిగి ప్రాణం పోశాడు. 1908లో స్పెయిన్‌లో హువాన్ రుయిజ్ దె లూనా తలవేరా పట్టణంలో అదే పని చేశాడు. వారు పాత నమూనాలను ప్రేమతో, నిజాయితీతో తిరిగి చేశారు. నూరేళ్లు గడిచేసరికి ఆ పాత్రలు తామే పాతవయ్యాయి. నేడు వాటిని మరో రెండు శతాబ్దాలు వెనక్కి నెట్టి అమ్మజూపేవారికి కొదవలేదు.

ఎటూ తేలనప్పుడు మట్టే తీర్పు చెబుతుంది. 1970ల నుంచి శాస్త్రజ్ఞులు న్యూట్రాన్ల సాయంతో చిల్లపెంకుల రసాయన స్వభావాన్ని పరీక్షించి, స్పెయిన్ మట్టినీ మెక్సికో మట్టినీ వేరుచేయగలిగారు. తవ్వకాలలో దొరికిన పెంకులు కాలనిర్ణయానికి తోడ్పడ్డాయి.

ఇదంతా ధనికుల అల్మరాల గొడవ కాదు. యంత్రాలమీద అచ్చువేసిన చవక పళ్లేనికి కూడా ‘తలవేరా’ పేరే తగిలిస్తే, నెలల తరబడి మట్టి ఊరబెట్టే కార్ఖానా నిలవలేదు. అందుకే 1995లో మెక్సికో ప్రభుత్వం ఈ పేరుకు ప్రాంతీయ రక్షణ కల్పించింది. 2019లో యునెస్కో స్పెయిన్, మెక్సికో కుమ్మరుల విద్యను ఉమ్మడి వారసత్వంగా గుర్తించింది.

ప్వెబ్లా కార్ఖానాలలో నేటికీ పళ్లెం పూర్తయ్యేవేళ దానిని బోర్లించి అడుగున గుర్తు రాస్తారు. 1653 నాటి శ్రేణి అడిగినది అదే: చేసినవాడు చేసినదానికి జవాబుదారీ కావాలని.