సెకండ్స్

కొత్త ఫ్లాట్‌లో దిగిన వారానికి బాపు వస్తానని ఫోన్ చేయించాడు. ఇంట్లో ఒక్కటే మంచం. దాని మీద హాస్టల్ కాలం నాటి దుప్పటి, రంగు పూర్తిగా వెలిసిపోయింది. టవళ్ళు రెండున్నాయి. వాటిలో ఒకటి ఎవరిదో నాకిప్పటికీ తెలీదు.

ఆ రాత్రి రెండు గంటలు ఫోన్లో దుప్పట్లు చూస్తూ కూచున్నాను. మూడు వందల థ్రెడ్ కౌంట్, ఆరు వందలు, వెయ్యి. హోటల్ ఫినిష్ అట, కాటన్ ఫీల్ అట. వెయ్యి పెద్ద అంకె కదా అని నాలుగు వేలు పెట్టి అదే కొన్నాను. దానికి జతగా ఏడు వందల జీఎస్ఎం టవళ్ళు రెండు. జీఎస్ఎం అంటే చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క. బరువెక్కువుంటే మంచిదే అయ్యుంటుందనుకున్నాను.

ఇక్కడ చెప్పాల్సిన సంగతి ఒకటుంది. మా బాపు షోలాపూర్‌లో ఇరవై ఆరేళ్ళు టవళ్ళు నేశాడు. ఒక్క ఫోన్ చేసి అడిగితే చెప్పేవాడే. అడగాలని నాకు తోచనేలేదు.

తెలంగాణ నుంచి షోలాపూర్ వలసపోయిన పద్మశాలీల ఇళ్ళలో మాదీ ఒకటి. తాత సిరిసిల్ల వైపు నుంచి వెళ్ళాడు. ఊరికి తూర్పున, పూర్వ్ భాగ్ గల్లీల్లో ఇప్పటికీ తెలుగు వినబడుతుంది, సగం మరాఠీ కలుపుకొని. షోలాపూర్ చద్దర్‌కీ, టెర్రీ టవల్‌కీ 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ సంగతి నేను హైదరాబాద్‌లో ఉద్యోగానికి చదువుకుంటూ జీకే పుస్తకంలో చూశాను. బాపుకి చెబితే "అట్లనా" అన్నాడు. అప్పటికే ఆయన ఎడమ చెవి పూర్తిగా పోయింది. సాంచాల చప్పుడు మధ్య రోజుకి పన్నెండు గంటలు నిలబడితే ఎవరి చెవులైనా అంతే.

బాపు వచ్చాడు. బ్యాగు పక్కన పెట్టి మంచం దగ్గరికి నడిచాడు. ఏ బట్టనైనా ఆయన ముందు చూడడు, పట్టుకుంటాడు. దుప్పటి కొసని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపాడు.

"ఎంత వెట్టినవ్ బిడ్డా?"

అరిచి చెప్పే ఓపిక లేక నాలుగు వేళ్ళు చూపించాను.

"నాలుగొందలా? ఫర్లేదు."

నేను నోరు మూసుకున్నాను.

ఆ మధ్యాహ్నం ఆయనకేం తోచక నా దుప్పటికి పరీక్ష పెట్టాడు. కిటికీ వెలుతురుకి అడ్డంగా పట్టి నేత సమంగా ఉందా, ఎక్కడన్నా పల్చబడిందా అని చూశాడు. కుట్టు లోపలి నుంచి ఒక పోగు లాగాడు. బాల్కనీలో అగ్గిపుల్ల గీసి అంటించాడు. కాగితం కాలిన వాసన వచ్చింది, వేళ్ళ మధ్య బూడిద మెత్తగా రాలింది. "నూలే" అన్నాడు. పాలిస్టరైతే కరిగి చివర గట్టి పూసలా మిగిలేదట. ఇంకో పోగు తీసి పేనిన దారికి ఎదురు తిప్పాడు. అది విడిపోయి రెండయ్యింది.

"సూడు, రెండు పోగులు గలిపి పేనిన్రు. ఒక్కదాన్ని రెండుగ లెక్కవెట్టిన్రు."

నా వెయ్యి అలా ఒక్కసారిగా ఐదొందలయ్యింది. ఆ ఐదొందల మీద కూడా ఆయనకి నమ్మకం లేదు. చదరపు అంగుళంలో పడుగూ పేకా కలిపి ఎన్ని పోగులున్నాయన్నదే థ్రెడ్ కౌంట్. నూలు పోగుకీ ఒక లావుంటుంది, అంగుళంలో పట్టేవి కొన్నే. ఒంటి పోగుతో నేసిన మామూలు దుప్పటి రెండు వందల నుంచి నాలుగు వందల లోపు ఉంటే అది మంచి బట్టే. అసలు చూడాల్సింది నూలు కౌంటు అన్నాడు. 840 గజాలకి ఒక చిలప. పౌను నూలులో అలాంటి చిలపలు ఎన్నుంటే అంత కౌంటు. అంకె పెరిగేకొద్దీ నూలు సన్నం. ఇదంతా ఏ పెట్టె మీదా అంత పెద్దక్షరాల్లో రాయరు.

తర్వాత టవళ్ళ వంతు. చేత్తో నీళ్ళు చిలకరించాడు. చామాకు మీద పడ్డట్టు బొట్లు పైనే నిలబడ్డాయి.

"ఉతుకు. రెండు మూడు ఉతుకులైతే తాగుతది. గీ మెత్తదనం నూలుది గాదు, మందుది."

అమ్మకానికి వచ్చే ముందు మెత్తదనం కోసం పట్టించే రసాయనం అది. మనం ఇంట్లో వాడే ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ కూడా అదే పని చేస్తుందట, టవల్‌కి నీళ్ళు పీల్చే గుణం తగ్గిస్తుందట. టెర్రీలో పడుగులు రెండు. ఒకటి బిగించి ఉంటుంది, రెండోది వదులుగా ఉంటుంది. ఆ వదులు పడుగే ఉచ్చులుగా పైకి లేచి నీళ్ళు తాగుతుంది. ఉచ్చు ఎంత పొడుగుంటే టవల్ అంత బరువు, ఆరడమూ అంత ఆలస్యం. బాపు నా బాల్కనీ వైపు చూశాడు. రెండు కుండీలు, ఒక చీపురు పెడితే నిండిపోయే బాల్కనీ. "వానకాలంల గిది ఆరదు, కంపు గొడ్తది. నాలుగొందలు, నాలుగొందల యాభై గ్రాములది సాలు నీకు."

ఇరవై ఆరేళ్ళలో బాపు తన పని గురించి నాతో ఇంతసేపు మాట్లాడింది లేదు. నేను అడిగిందీ లేదు.

రాత్రి నేను హాల్లో సోఫా మీద పడుకుని ఆయన్ని మంచం మీద పడుకోమన్నాను. మంచినీళ్ళకి లేచి చూస్తే మంచం ఖాళీ. కింద నేల మీద ఇంటి నుంచి తెచ్చుకున్న చద్దర్ పరుచుకుని పడుకున్నాడు. ఆ చద్దర్ నాకు తెలుసు. దాని మీద డిజైన్ తప్పి నెమళ్ళన్నీ మెడ దగ్గరే ఆగిపోయుంటాయి. నాకు ఆరేళ్ళు వచ్చేదాకా దుప్పటి మీది నెమళ్ళకి తలకాయలుండవనే అనుకున్నాను.

మా ఇంట్లో ఉన్నవన్నీ సెకండ్సే. అంచు వంకరపోయిన టవళ్ళు, పోగు తెగిన చద్దర్లు. మంచి మాల్ బేళ్ళలో కట్టి బయటికి పోయేది. అమ్మ ఇంట్లో కూచుని టవళ్ళ అంచులు కుట్టేది. వాటితో చేతులు తుడుచుకుంటే నాకు వీపు మీద పడేది.

బాపు మేలుకునే ఉన్నాడు. కుడి చెవి దగ్గర వంగి అడిగాను, "కింద ఎందుకు పండినవ్ బాపూ?"

"దాని మీద పంటే సేటు మాల్ మీద పండినట్టున్నది బిడ్డా. నెత్తి నూనె మరకైతే కోస్తరు."

మరక పడినా పోగు తెగినా వారం వారం ఇచ్చే హప్తాలో పైసలు కోసేవాళ్ళు. ఆయన పని మానేసి తొమ్మిదేళ్ళయింది. "ఎవరు కోస్తరు బాపూ, ఇది మనదే గదా" అన్నాను. విన్నాడో లేదో తెలీదు. అటు తిరిగి పడుకున్నాడు.

మూడు రోజులున్నాడు. వెళ్ళే ముందు ఆ దుప్పటిని మడతల మీదే మడతపెట్టి, వచ్చిన కవర్లోనే పెట్టాడు. బస్సెక్కి కిటికీలోంచి పిలిచాడు. "ఇంకోపారి గంత వెట్టకు బిడ్డా. నాలుగొందలకు గసొంటి బట్ట ఎక్కడొస్తది? నాకు తెల్వదా?"

ఈసారి దసరాకి ఇంటికి పంపడానికి నేను బజారుకే వెళ్ళి కొన్నాను. ఒంటి పోగు సాదా నేత దుప్పటి, కుదించుకుపోతుందని నాలుగంగుళాలు పెద్దది. నాలుగొందల యాభై జీఎస్ఎం షోలాపూర్ టవళ్ళు రెండు. నలిపి చూశాను, వెలుతురుకి పట్టి చూశాను. షాపతను నన్ను వింతగా చూశాడు. అన్నీ నంబర్ వన్ మాల్, ఒక్క తప్పు లేదు.

అదే ఇబ్బంది. ఇలాగే పంపితే బీరువాలోకి పోతాయి. అందుకే వారం నుంచి ఉతుకుతున్నాను. మంచి నూలు ఉతికేకొద్దీ మెత్తబడుతుంది, నాసిరకానిది ఉండలు కడుతుంది. దీనికి ఆరు ఉతుకులైనా ఉండలు కట్టలేదు, కొత్త మెరుపు మాత్రం పోయింది. టవల్ మీద నీళ్ళు చిలకరిస్తే గుటుక్కున తాగేస్తోంది.

పార్సిల్ కట్టే ముందు దుప్పటికి తలవైపు ఒక మూల కాస్త కొబ్బరినూనె రాద్దామనుకుంటున్నాను. మరకేదో నా చేతి మీదే పడిపోతే ఆయన భయపడడానికి ఇంకేం మిగలదు.