128 బైట్ల సన్నాయి

బెంజ్ సర్కిల్ దగ్గర మా బాబాయి వాళ్లింట్లో, అటక మీద ఒక యమహా డీఎక్స్7 ఉంది. 1983లో వచ్చిన మోడల్. ఆర్కెస్ట్రాలో వాయించే రోజుల్లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు.

దాంట్లో రికార్డు చేసిన శబ్దాలేవీ ఉండవు. అంతా లెక్కే. ఒక సైన్ వేవ్ ఇంకో సైన్ వేవ్‌ని వేగంగా ఊపితే కొత్త నాదం పుడుతుంది. మనం కమ్యూనికేషన్స్‌లో చదివే ఎఫ్ఎమ్మే! (వైవాలో అడిగితే మాత్రం ఫేజ్ మాడ్యులేషన్ అనండి.) అది సంగీతానికి పనికొస్తుందని 1967లో స్టాన్‌ఫోర్డ్‌లో జాన్ చౌనింగ్ కనిపెట్టాడు. యమహా లైసెన్సు తీసుకుంది.

ఆరు ఆపరేటర్లు, 32 అల్గారిథమ్‌లు. వాటితో కుస్తీ పట్టి బాబాయి పెళ్లిళ్ల కోసం సొంతంగా ఒక సన్నాయి శబ్దం తయారు చేసుకున్నాడు. ఆ మెమరీని నిలబెట్టేది లోపలున్న చిన్న లిథియం బ్యాటరీ. అది పోతే సన్నాయీ పోతుంది.

అందుకే మొన్న సెలవుల్లో మిడి కేబుల్ పెట్టి 32 శబ్దాలనూ లాప్‌టాప్‌లోకి లాగాం. మొత్తం 4,104 బైట్లు. అందులో సన్నాయి వాటా 128! డెక్స్‌డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేశాం. అసలు యంత్రమే లెక్క కాబట్టి, అవే అంకెలిస్తే దాదాపు అదే శబ్దం వస్తుంది.

బాబాయి విని, "మరీ నున్నగా ఉందిరా" అన్నాడు. నిజమే, పాతదాని 12 బిట్ల కన్వర్టర్‌కి కాస్త గరుకు ఉంటుంది. మార్క్ 1 ఇంజిన్‌కి మార్చాక తలూపాడు.

మీ ఇళ్లలోనూ ఇలాంటి పాత కీబోర్డులుంటే బ్యాటరీ బతికుండగానే కాపీ తీయండి. డీఎక్స్7 మళ్లీ ఎక్కడైనా దొరుకుతుంది. మా బాబాయి సన్నాయి ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకదు.