వంద గ్రాముల బాటసారి

ఆర్కిటిక్ టెర్న్ అని ఒక సముద్ర పక్షి ఉన్నది. బరువు సుమారు 100 గ్రాములు, అంటే మన మెస్సులో పెట్టే రెండు కోడిగుడ్లంత. నెత్తిన నల్లటోపీ, ఎర్ర ముక్కు, పొట్టి ఎర్ర కాళ్లు, కత్తెరలా చీలిన తోక. చూడ ముచ్చటైనదే గానీ, గుడ్ల దగ్గరికి పోతే మనిషి నెత్తి మీద కూడా పొడుస్తాది!

ఉత్తర ధ్రువం దిక్కున పిల్లల్ని చేసి, అక్కడ చలి రాకముందే దక్షిణ ధ్రువం దిక్కుకు పోతాది. అప్పుడక్కడ ఎండాకాలం. అట్లా ఏడాదికి రెండు ఎండాకాలాలు. (మన బేతంచెర్లలో ఒక్కటే చాలు!)

గ్రీన్‌లాండ్ పక్షుల కాళ్లకు గ్రామున్నర కూడా లేని యంత్రం కట్టినారు. అది వెలుతురును గుర్తుపెట్టుకుంటాది. దాన్నిబట్టి 2010లో లెక్క చెప్పినారు: ఏడాదికి సగటున 70,900 కిలోమీటర్లు. భూమి చుట్టుకొలతే 40,000. గాలివాటు చూసుకొని వంకర దారిన పోతాది, అందుకే అంత దూరం.

ఇది తెలిసినప్పుడు నాకు మా తండా గుర్తొచ్చింది. మావాళ్లూ ఏటా రైలెక్కి గుంటూరు దిక్కు మిరపకాయల కోతకు పోతారు. టెర్న్ పిల్లకు రెక్కలొచ్చినాక కూడా కొంతకాలం తల్లిదండ్రులే చేప పెడతాయి. మా తండాలో వెంటపోయిన పిల్లలకు కూడు దొరుకుతాది, బడి పోతాది. మా అన్న చదువు ఆరో తరగతిలో అట్లనే నిలిచింది. నన్ను హాస్టల్లో చేర్చినారు.

సంక్రాంతికి ఆ పక్షి దక్షిణాన మంచు సముద్రం మీద ఉంటాది, మావాళ్లు మిరప చేలో ఉంటారు. అది మే, జూన్ నెలల్లో తన చోటికి చేరుతుంది. మా యాడి ఉగాదికే వస్తానన్నది.