దూడకో న్యాయం... బిడ్డకో న్యాయం!

ఊరు కలిదిండి. తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చిందా అమ్మాయి. డిగ్రీ చదివింది. ఏ నెలలో బిడ్డ ఎంత పెరుగుతుందో, ఏ పండు తినాలో ఫోన్లో చూసి గడగడా చెప్పేది. పాలెలా పట్టాలన్నది మాత్రం ఎవర్నీ అడగలేదు. బిడ్డ పుడితే పాలు వాటంతటవే వస్తాయి, అదో విద్యా అనుకుంది.

సిజేరియన్ అయింది. బిడ్డను పక్కలో వేసేసరికి సాయంత్రం. అప్పటికే సీసాపాలు పట్టేశారు. పచ్చగా, చిక్కగా వచ్చిన నాలుగు చుక్కల్నీ 'అవి అరగవు' అంటూ ఇంట్లోవాళ్లే దూదితో తుడిచేశారు. ఇంటికొచ్చాక బిడ్డ రొమ్ము పట్టదు. ఒకటే ఏడుపు. 'దీనికి పాలు పడలేదు' అంది తల్లి. మరో పాలడబ్బా కోసం తండ్రి కైకలూరుకు బండి తీశాడు. అమ్మాయి గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.

ఏడోరోజున ఆశా కార్యకర్త వచ్చింది. ఆస్పత్రిలో కాన్పయినా సరే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికొచ్చి తల్లీబిడ్డల్ని చూసి వెళ్లాలి వాళ్లు. సంగతంతా విని, మంచంమీదున్న నాయనమ్మ వైపు తిరిగింది.

"మామ్మగారూ, గేదె ఈనితే మొదటి పాలేం చేస్తారు?"

"దూడకు తాగిస్తాం. లేకపోతే బతకొద్దూ! మిగిలినవే మనకు జున్ను."

"మరి మీ పిల్లలకో?"

మామ్మ కాసేపు మాట్లాడలేదు. "మా అత్తగారు పిండి పారబోయించింది. మూడ్రోజులూ పంచదార నీళ్లే" అంది మెల్లగా.

"గేదె పాలివ్వకపోతే?"

"దూడను వదులుతాం. అది పొదుగు కుమ్మి కుడిస్తేనే కదా చేపేది!"

అమ్మాయికి చటుక్కున వెలిగింది. పాలు చాలక బిడ్డ సీసాకు వెళ్లడం కాదు, సీసాకు వెళ్లబట్టే పాలు తగ్గాయి! బిడ్డ ఎంత చీకితే పాలు అంతగా ఊరతాయి. ఆశా వీపు వెనక దిండు పెట్టి కూర్చోబెట్టింది. చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా వీలైనంత నోట్లోకి వెళ్లేలా బిడ్డను పట్టుకోవడం చూపించింది. కాసేపటికి గుటక వినిపించింది. సీసా పూర్తిగా మానడానికి ఇంకో పదిరోజులు పట్టింది. రోజుకి ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తూ, బరువు పెరుగుతుంటే పాలు సరిపోతున్నట్టేనని తెలిశాక ఆ తల్లి బెంగ తీరింది.

ముర్రుపాలు బిడ్డకు రోగాల్ని తట్టుకునే శక్తినిస్తాయి. పుట్టిన గంటలోపే పట్టాలనీ, ఆరునెలల దాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా వద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తల్లిపాలలో నూటికి 87 పాళ్లు నీరే మరి! తాగునీటిని క్యాన్లలో కొనుక్కునే కొల్లేటి ఊళ్లలో ఇది చిన్న సంగతి కాదు. డబ్బాపాలకు ప్రతిసారీ నీళ్లు మరగాలి, సీసా ఉడకాలి, కొలత తప్పకూడదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నూటికి 89 కాన్పులు ఆస్పత్రుల్లోనే. గంటలోపు తల్లిపాలు అందింది మాత్రం 42 మంది బిడ్డలకే. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు సిజేరియన్లు. కోత పడినా, తల్లి తెలివిగా ఉంటే, పక్కన ఒకరు సాయంపడితే పాలివ్వొచ్చు. డాక్టరు తప్పదన్నప్పుడు పోతపాలు పట్టడమూ తప్పుకాదు. తప్పల్లా, తెలియని పిల్లను 'నీకు పాలు లేవు' అని బెదరగొట్టడమే.

తండ్రి తెచ్చిన డబ్బా అలమరలోనే ఉండిపోయింది. తల్లిపాలే శ్రేష్ఠమన్న మాట దానిమీద అచ్చేసి ఉంది. అలా వేయాల్సిందేనని 1992లోనే చట్టం వచ్చింది. ఆడపిల్లలకు ఆ మాట డబ్బా కొన్నాక కనపడితే ఏం లాభం? కాలేజీలో ఉండగానే, ఇంట్లో అమ్మానాయనమ్మల నోటే వినపడాలి.